గ్రీన్‌స్టోన్ బెల్టులో బంగారం పక్కన ఏ రాళ్ళుంటాయి?

మీ ప్రశ్న చదివాను. గుడుపల్లె మండలంలో మీ మామయ్య గారి పొలంలో బోరు వేస్తుంటే 300 అడుగుల దగ్గర నలుపు తిరిగిన పచ్చరాతి పొడి వచ్చింది. దాని వెంట తెల్ల పలుగురాయి ముక్కలు, వాటిలో పసుపు మెరుపులు. బోరు బండి కుర్రాడు "ఇది కేజీఎఫ్ రాయే సార్" అన్నాడు. ఇంట్లో అప్పటి నుంచి ఎవరికీ నిద్ర లేదు. ఇంతకీ ఏ రాళ్ళు, ఏ ఖనిజాలు కనిపిస్తే బంగారం ఉందనుకోవాలి? ఇదీ మీరు అడిగింది.

ముందు టెన్షన్ తగ్గించే మాట. ఆ కుర్రాడు చెప్పింది సగం నిజం. కేజీఎఫ్ అంటే కోలార్ బంగారు గనులు. అవి ఉన్న కోలార్ షిస్ట్ బెల్ట్ (షిస్ట్ అంటే రేకులుగా చీలే రాయి) సుమారు 80 కిలోమీటర్ల పొడవున ఉత్తరం నుంచి దక్షిణానికి సాగి, కుప్పం వైపు మన చిత్తూరు జిల్లాలోకి దిగుతుంది. చిగురుగుంట, బిసానత్తం, మల్లప్పకొండ అన్నీ ఆ బెల్టులోవే. కాబట్టి మీ బోరులో వచ్చింది కేజీఎఫ్ రాయే కావచ్చు. కానీ ఆ రాయి 80 కిలోమీటర్ల పొడవునా ఉంది. బంగారం మాత్రం అందులో చీర అంచులో జరీ పోగంత చోటే ఉంది. మీకు కనిపించిన పసుపు మెరుపు బంగారం కాకపోవడానికే ఎక్కువ అవకాశం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా జియాలజిస్టుగా కొంతకాలం గని లోపల, కొంతకాలం రాయలసీమ, రాయచూరు వైపు డ్రిల్లింగ్ క్యాంపుల్లో గడిపాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

గ్రీన్‌స్టోన్ అంటే ఒకే రాయి కాదు, అదొక కుటుంబానికి ఇంటిపేరు లాంటిది. కోలార్ సంగతే తీసుకుంటే, సుమారు 270 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున లావా పారింది. దాని మీద అగ్నిపర్వతపు బూడిద, మన్ను, సిలికా, ఇనుము పేరుకున్నాయి. తర్వాత అంతా మడతలు పడి, నలిగి, చుట్టూ పొంగిన గ్రానైట్ల మధ్య సన్నటి పట్టీగా ఇరుక్కుపోయింది. ఆ లావాలో ఎక్కువ భాగం బసాల్ట్. భూమి లోపలి వేడికీ నీటికీ దాని పాత ఖనిజాలు పోయి క్లోరైట్, ఆక్టినొలైట్, ఎపిడోట్ వచ్చాయి. ఈ మూడూ పచ్చవే, అందుకే ఆ పేరు. మన దేశంలో పాత రిపోర్టులన్నీ వీటిని షిస్ట్ బెల్టులనే రాస్తాయి.

కోలార్‌లో వేడి ఇంకా ఎక్కువ తగిలింది. అందుకని అక్కడ పచ్చ క్లోరైట్ కాకుండా నల్లటి హార్న్‌బ్లెండ్ పెరిగింది. ఆ రాతిని యాంఫిబోలైట్ అంటాం. పాత గని వాళ్ళ నోట "హార్న్‌బ్లెండ్ షిస్ట్". కొత్తగా వచ్చిన కుర్ర జియాలజిస్టులు "గ్రీన్‌స్టోన్ అన్నారు, పచ్చగా లేదే" అని దాన్ని పక్కన పడేయడం చూశాను. మీ బోరు పొడి నలుపు తిరిగిన పచ్చగా ఉందన్నారు కాబట్టి అది యాంఫిబోలైటే అయి ఉంటుంది. ఒకప్పుడు అది సముద్రపు లావా అనడానికి కోలార్ దగ్గర ఇప్పటికీ సాక్ష్యం కనిపిస్తుంది. నీళ్ళలో చల్లారిన లావా దిండ్లు పేర్చినట్టు గడ్డకడుతుంది, దాన్ని పిల్లో లావా అంటారు. కేజీఎఫ్ దగ్గర అలాంటి రాళ్ళను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఆ వైపు వెళ్ళినప్పుడు చూసి రండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

ఈ కుటుంబంలో బసాల్ట్ ఇంటి పెద్ద. దానికంటే మెగ్నీషియం బాగా ఎక్కువున్న లావా కొమాటియైట్. దక్షిణాఫ్రికాలో బార్బర్టన్ బెల్టులో కొమాటి నది పక్కన 1969లో గుర్తించారు కాబట్టి ఆ పేరు. అది మెత్తబడి టాల్క్, క్లోరైట్ రాయిగా మారితే చేతికి సబ్బులా జారుతుంది. ఇవి కాక లేతరంగు అగ్నిపర్వత శిలలు, నల్లటి కార్బన్ ఉన్న పలకరాళ్ళు, ఇనుప పట్టీల రాయి. వీటన్నిట్నీ పొడుచుకుని పైకి వచ్చిన గ్రానైట్, పార్ఫిరీ (పెద్ద స్ఫటికాలు పొదిగిన అగ్నిశిల) దూలాలు. బంగారం వీటిలో దేనిలోనైనా ఉండొచ్చు. "ఫలానా రాయి ఉంటే బంగారం ఉన్నట్టే" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి ఏం చూడాలి? అది తెలియాలంటే బంగారం అక్కడికి ఎలా వచ్చిందో తెలియాలి. మామూలు బసాల్ట్‌లో బంగారం టన్నుకు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. గని నడవాలంటే టన్నుకు కొన్ని గ్రాములు కావాలి. అంటే సుమారు వెయ్యి రెట్లు ఒకచోట పోగవ్వాలి. ఆ పోగుచేసే కూలీ నీరు. భూమి లోపల కిలోమీటర్ల లోతున, రాళ్ళు ఉడికేటప్పుడు వాటిలోంచి 300, 400 డిగ్రీల వేడి నీరు బయటపడుతుంది. అందులో ఉప్పు తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, కొంచెం హైడ్రోజన్ సల్ఫైడ్. బంగారం ఆ గంధకంతో జతకట్టి నీళ్ళలో కరిగి ప్రయాణిస్తుంది. పగుళ్ళ వెంట పైకి వస్తూ దారిలో ఎక్కడ ఆ జత విడిపోతే అక్కడ బంగారం దిగిపోతుంది.

జత రెండు రకాలుగా విడిపోతుంది. పగులు ఒక్కసారిగా తెరుచుకుంటే ఒత్తిడి పడిపోయి నీరు మరిగి, సిలికా పలుగురాయిగా గడ్డకడుతుంది, దాంతో పాటే కొంత బంగారం. ఇది అందరికీ తెలిసినదే. రెండోది నాకు ఎక్కువ ఇష్టమైనది. పగులు పక్కన ఇనుము ఎక్కువున్న రాయి ఉందనుకోండి. ఆ ఇనుము నీళ్ళలోని గంధకాన్ని లాగేసుకుని పైరైట్‌గానో, పైరొటైట్‌గానో మారుతుంది. తోడు పోయిన బంగారం ఇక కరిగి ఉండలేదు, అక్కడే కూలబడుతుంది. అందుకే ఇనుము బాగా ఉన్న బసాల్ట్, దాని చుట్టమైన డోలరైట్, ఇనుప పట్టీల రాయి బంగారానికి మంచి ఇళ్ళయ్యాయి. పైన చెప్పిన మల్లప్పకొండ దగ్గర బంగారం ఇనుప పట్టీల రాతిలోనే ఉంది. కర్ణాటకలో చిత్రదుర్గ బెల్టులోని అజ్జనహళ్ళిలోనూ అంతే. అక్కడ మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం పట్టీలు సల్ఫైడ్‌గా, అంటే గంధకం కలిసిన ఖనిజంగా మారిన చోటే బంగారం. మారని చోట అది వట్టి ఇనుపరాయి. అయస్కాంతం అంటుకుంటుంది తప్ప గిట్టుబాటు ఏమీ లేదు.

ఈ లెక్కన ఆ నీరు నడిచిన దారి పక్కన రాయి మునుపటిలా ఉండదు. రంగు మారుతుంది, ఖనిజాలు మారతాయి. మీరు చూడాల్సింది ఆ మార్పును. పలుగురాయి మెరుపు తర్వాత సంగతి.

నాకిది మొట్టికాయ తిన్నాకే అర్థమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గుట్ట మీద రెండు మీటర్ల వెడల్పు పలుగురాతి గోడ దొరికింది. పాలలా తెల్లగా, అర కిలోమీటరు దూరం నుంచే కనిపించేది. వారం రోజులు ఎండలో దాన్ని అడ్డంగా కోసి కోసి శాంపిళ్ళు తీశాను. నలభైకి పైగా బస్తాలు. గనిలో ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవారు, శాంపిళ్ళు మోసే వాళ్ళతో వచ్చారు. రెండో రోజే "సార్, పాలపలుగులో ఏముండదు. మాసిన పలుగు చూడండి" అని, కాస్త దూరంలో వాగు గట్టున గోధుమరంగు తిరిగిన మెత్తటి షిస్ట్ మధ్య జానెడు వెడల్పు బూడిదరంగు పలుగును చూపించారు. పరువు కోసం దాంట్లోంచి కూడా రెండు శాంపిళ్ళు తీసి బస్తాలో వేశాను. ల్యాబ్ నుంచి కాగితాలు వచ్చాయి. నా తెల్లగోడలో అన్నీ సున్నాలు. మేస్త్రీ గారి మాసిన పలుగులో ఒకటి టన్నుకు 7 గ్రాములు, రెండోది 3. నా పై అధికారి ఏమీ అనలేదు, నవ్వారు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మాసిన పలుగులో రహస్యం ఏమిటంటే, ఆ పగులు ఒక్కసారి కాదు, వందలసార్లు తెరుచుకుని మూసుకుంది. తెరుచుకున్న ప్రతిసారీ పక్కరాతి పల్చటి పొర ఒకటి ఊడి పలుగులో చిక్కుకుంటుంది. కొత్త సిలికా, కొత్త సల్ఫైడ్, కొంచెం బంగారం. అడ్డంగా విరిస్తే పుస్తకం అంచులా గీతలు గీతలుగా కనిపిస్తుంది. కోలార్ ఛాంపియన్ లోడ్‌లో (లోడ్ అంటే బంగారం ఉన్న పట్టీ) పలుగు ఈ మాదిరిదే, నీలం తిరిగిన బూడిదరంగు. గాజులా, పాలలా ఉండే పలుగు మాత్రం చాలాసార్లు ఒకేసారి నిండిపోయిన పగులుకు గుర్తు. అందులో ఎప్పుడూ బంగారం ఉండదని కాదు. పందెం కాయమంటే మాత్రం నేను కాయను.

ఇప్పుడు పక్కరాయి. ఇక్కడే మీకు ఎక్కువ పని.

అన్నిటికంటే ముందు కార్బొనేట్. నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువని చెప్పాను కదా. అది రాతిలోని కాల్షియం, ఇనుము, మెగ్నీషియాలతో కలిసి కాల్సైట్, డోలమైట్, ఆంకరైట్ అవుతుంది. తాజా రాతిలో ఆంకరైట్ తెల్లగా, లేత గోధుమగా ఉండి కంటికి ఆనదు. వానకూ ఎండకూ పడితే అందులో ఇనుము తుప్పుపట్టి రాయంతా ఇటుకపొడి చల్లినట్టవుతుంది. పచ్చరాతి మధ్య అలాంటి తుప్పు పట్టీ కనిపిస్తే నేను జీపు ఆపేవాణ్ణి. పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే కాల్సైట్ వెంటనే బుసబుసమంటుంది. ఆంకరైట్ అలా పొంగదు, రాతిని గీరి పొడి చేసి వేస్తేనే నెమ్మదిగా బుడగలు వస్తాయి. చాలామంది రాయి మీద చుక్క వేసి "పొంగలేదు, కార్బొనేట్ లేదు" అని రాసేసి వెళ్ళిపోతారు.

తర్వాత మైకాలు. నీటితో పొటాషియం వస్తుంది. వేడి తక్కువున్న చోట రాయి సెరిసైట్ అనే సన్నటి తెల్ల మైకాగా మారి పట్టులా మెరుస్తుంది, వేలితో రాస్తే జారుతుంది. అనంతపురం వైపు రామగిరి బెల్టులో సెరిసైట్, క్లోరైట్, కార్బొనేట్ కలిసి కనిపిస్తాయి. వేడి ఎక్కువైతే సెరిసైట్ బదులు బయోటైట్, అంటే గోధుమ నల్ల మైకా. రాయచూరు జిల్లా హట్టి గనిలో బంగారం దారి చూపేది బయోటైటే. నల్లటి యాంఫిబోలైట్‌లో నడుచుకుంటూ పోతుంటే గోడ ఒక్కసారి గోధుమరంగు తిరుగుతుంది, రాయి రేకులు రేకులుగా చీలుతుంది, హెడ్‌ల్యాంపు వెలుతురులో ఆర్సెనొపైరైట్ అనే సల్ఫైడ్ సన్నగా వెండిలా మెరుస్తుంది. అక్కడ ఓక్లీస్ రీఫ్ అనీ, విలేజ్ రీఫ్ అనీ పిలిచే లోడ్లన్నీ దాదాపు సమాంతరంగా, నిటారుగా దిగే ఇలాంటి పట్టీలే. కోలార్ ఛాంపియన్ లోడ్ ఇంకా వేడిలో పుట్టింది. దాని పక్కన బయోటైట్‌తో పాటు పచ్చటి డయాప్సైడ్ కూడా ఉంటుంది. అంటే ఒకే రకం నీరు, వేడిని బట్టి గోడలకు వేసే రంగు మారింది.

ఫుక్సైట్ గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. గడ్డి పచ్చరంగు మైకా, చూడముచ్చటగా ఉంటుంది. అందులో పచ్చదనం క్రోమియంది. క్రోమియం కొమాటియైట్ లాంటి రాళ్ళ నుంచి వస్తుంది. కెనడా అబిటిబి బెల్టులో పచ్చ మైకా, కార్బొనేట్ కలిసిన రాతిలో మంచి బంగారం తీశారు, అక్కడ దాన్ని గ్రీన్ కార్బొనేట్ అంటారు. కానీ కర్ణాటకలో ఫుక్సైట్ క్వార్ట్జైట్ దండిగా ఉన్న కొండలున్నాయి, వాటికీ బంగారానికీ సంబంధం లేదు. కార్బొనేట్, సల్ఫైడ్ తోడు లేకుండా ఫుక్సైట్ ఒక్కటే ఉంటే అది షోకేసులో పెట్టుకునే రాయి. టూర్మలీన్ కూడా అంతే. నల్లటి సూదుల్లా పలుగులో గుచ్చుకుని కనిపిస్తుంది, బంగారపు పలుగుల్లో తరచు ఉంటుంది, ఏమీ లేని పెగ్మటైట్లలో, అంటే పెద్ద పెద్ద గింజల గ్రానైట్ జాతి రాళ్ళలో, ఇంకా తరచు ఉంటుంది.

సల్ఫైడ్ల దగ్గరికి వద్దాం, మీ పసుపు మెరుపు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. గ్రీన్‌స్టోన్ బంగారంతో అన్నిచోట్లా ఉండేది పైరైట్. లేత ఇత్తడి రంగు, చాలాసార్లు పాచికల్లా చక్కటి ఘనాలు. రాగి ఉన్నది చాల్కోపైరైట్, దాని పసుపు ఇంకా ముదురు, మీద నెమలిపింఛం రంగులు తేలతాయి. మన ఆయుర్వేదంలో స్వర్ణమాక్షికం అని వాడేది ఇదే. పైరొటైట్ కంచురంగులో ఉండి అయస్కాంతానికి కాస్త అంటుకుంటుంది. వేడి ఎక్కువ చూసిన కోలార్, హట్టి లాంటి చోట్ల పైరైట్ కంటే ఇది ఎక్కువ కనిపిస్తుంది. ఆర్సెనొపైరైట్ వెండిరంగు. సుత్తితో కొడితే వెల్లుల్లి వాసన. ఆ వాసన పాషాణానిది, అంటే ఆర్సెనిక్ విషానిది, కాబట్టి వాసన కోసం పదేపదే కొట్టకండి, ముఖ్యంగా పొయ్యి మీద పెట్టకండి. ఒకసారి ఎవరో ఔత్సాహికుడు ఇంట్లో మూకుడులో వేయించాడని విని నాకు చెమట్లు పట్టాయి.

ఆర్సెనొపైరైట్‌ది ఇంకో గొడవ. బంగారం దాని స్ఫటికం లోపలే కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకు కూడా దొరకనంత సన్నగా దాగి ఉండగలదు. అస్సేలో, అంటే ల్యాబు పరీక్షలో, టన్నుకు 5 గ్రాములు చూపిస్తుంది, నీళ్ళలో గాలిస్తే ఒక్క రవ్వ రాదు, బంగారాన్ని కరిగించే సైనైడ్‌కూ సరిగ్గా లొంగదు. కోలార్‌లోనే రెండు రకాలూ పక్కపక్కన ఉన్నాయి. తూర్పున ఛాంపియన్ లోడ్, బంగారం పలుగులో విడిగా, సల్ఫైడ్లు బహు తక్కువ. పడమర మెక్‌టాగర్ట్, ఓరియంటల్ లోడ్లు, అక్కడ సల్ఫైడ్లు ఎక్కువ. ఒకే ఊళ్ళో రెండు రకాల ఖనిజం.

సీసపు గెలీనా, జింకు స్ఫాలరైట్ కొంచెం కొంచెం కనిపిస్తే నేను సంతోషిస్తాను, ముఖ్యంగా పలుగు పగుళ్ళలో గెలీనా చుక్కలు. షీలైట్ టంగ్‌స్టన్ ఖనిజం. పగటి వెలుతురులో పలుగులాగే తెల్లగా ఉంటుంది, చీకట్లో షార్ట్‌వేవ్ అల్ట్రావయొలెట్ దీపం పెడితే నీలితెలుపు రంగులో వెలిగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు చిన్నపిల్లాడిలా అరిచాను. కోలార్ ఖనిజంలో షీలైట్ ఉంది, బంగారం తీశాక మిగిలిన అక్కడి సైనైడ్ దిబ్బల్లోనూ ఉంది.

చివరగా టెల్యురైడ్లు, బంగారం టెల్యూరియంతో కలిసిన ఖనిజాలు. ఆస్ట్రేలియాలో కల్గూర్లీలో 1893లో బంగారం దొరికింది. పసుపురంగు బంగారం కోసం వెతుకుతూ, గుర్తుపట్టలేని వెండి పసుపు ఖనిజం ఉన్న రాతిని చెత్తగా లెక్కేసి రోడ్ల గుంతలు పూడ్చడానికి వాడారు. 1896లో అది బంగారపు టెల్యురైడ్ అని తేలాక ఊరి రోడ్లు తవ్వుకున్నారు. గోల్డెన్ మైల్ అని ప్రపంచమంతా పిలిచే ఆ గనుల్లో బంగారానికి ఇల్లు ఇనుము ఎక్కువున్న డోలరైట్. పైన చెప్పిన గంధకం, ఇనుము కథ అక్కడా అదే.

అన్నీ పచ్చరాతిలోనే ఉంటాయనుకోకండి. కర్నూలు జిల్లా జొన్నగిరిలో బంగారం ఉన్నది గ్రానోడయొరైట్‌లో, అంటే గ్రానైట్ జాతి రాతిలో. షిస్ట్ మెత్తగా వంగిపోతుంది, దాని మధ్య గట్టి గ్రానోడయొరైట్ వంగలేక పగులుతుంది. నీటికి కావలసింది పగులు. అక్కడ పలుగు దారాలు, సెరిసైట్ పట్టి వెలిసిన రాయి, పైరైట్ చూస్తారు. అన్నట్టు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరికి జనం వజ్రాలు వెతుక్కుంటారు కదా, దానికీ ఈ బంగారానికీ చుట్టరికం లేదు. వజ్రం కింబర్లైట్ అనే వేరే రాతిది, చాలా లోతు నుంచి, వేరే కాలంలో వచ్చింది.

రాళ్ళు రెండు రకాలు కలిసే హద్దు, దాని వెంట నలిగిన షియర్ జోన్, ఆ జోన్ వంపు తిరిగే చోటు. మ్యాపు మీద నేను వేలు పెట్టేది ఈ మూడూ కలిసిన చోట. మీ పొలంలో నిలబడి ఇది తెలియదు, జియాలజికల్ సర్వే వాళ్ళ మ్యాపు చూడాలి.

పైన నేల మీద గుర్తులకు వస్తే, సల్ఫైడ్లు తుప్పుపట్టి మిగిలిన గోధుమ ఎరుపు గూళ్ళ రాయి ఉంటుంది, గోస్సాన్ అంటాం. తేనెపట్టులా ఖాళీ గదులుంటాయి, అవి కరిగిపోయిన పైరైట్ ఘనాల అచ్చులు. కొన్నిసార్లు బంగారం ఆ గదుల్లోనే మిగిలిపోతుంది. కానీ మన ప్రాంతంలో అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు పూర్వీకుల గుంతలు. సన్నగా పొడుగ్గా పూడిపోయిన కందకాలు, పక్కన రాయి నూరిన గుంటలున్న బండలు. హట్టిలో పాత తవ్వకాల్లో దొరికిన కర్రను పరీక్షిస్తే సుమారు రెండు వేల ఏళ్ళ నాటిదని తేలింది. హట్టి పక్కనే మస్కి. అక్కడ అశోకుడి పేరున్న శాసనాన్ని 1915లో బయటపెట్టిన బీడన్ బంగారు గనుల ఇంజినీరు. జొన్నగిరి దగ్గర ఎర్రగుడిలోనూ అశోకుడి శాసనం ఉంది. ఈ పక్కపక్కన ఉండటం కాకతాళీయమని నేననుకోను. ఆ కాలం వాళ్ళకు అస్సే ల్యాబు లేదు, అయినా ఎక్కడ తవ్వాలో వాళ్ళ కంటే బాగా మనం చెప్పింది తక్కువ. కేజీఎఫ్‌లో కూడా 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి పెద్ద ఎత్తున తవ్వింది పాత గుంతల కింద. 2001 ఫిబ్రవరిలో మూసేనాటికి 3 కిలోమీటర్లకు పైగా లోతు, 800 టన్నుల దాకా బంగారం.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ముక్కలు. మెరిసే గింజను సూదితో గుచ్చండి. బంగారం మెత్తన, సూది దిగి గుంట పడుతుంది, గింజ చదునవుతుంది కానీ విరగదు. పైరైట్ చిట్లి పొడి అవుతుంది. కంసాలి గీటురాయి సంగతి మీకు తెలుసు, అదే పని టైల్ వెనక వైపు పూత లేని గరుకు చోట చేయండి. బంగారం పసుపు గీతే గీస్తుంది. పైరైట్, చాల్కోపైరైట్ ఎంత పసుపుగా ఉన్నా గీత పచ్చ తిరిగిన నలుపు. ఎండలో రాతిని తిప్పి చూడండి. ఒక కోణంలో తళుక్కుమని మరో కోణంలో ఆరిపోతే అది మైకా రేకు, మా వైపు పిల్లలు కాకిబంగారం అంటారు. అసలు బంగారం నీడలో కూడా పసుపే. ఇంకొకటి, బోరు పొడిలో బిట్ నుంచి, రాడ్ల నుంచి రాలిన లోహపు రజను కలుస్తుంది. ఒకసారి ఇత్తడి రజను పట్టుకుని ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది, చెప్పడానికి నా నోరు రాలేదు.

సూదికి దిగి, పసుపు గీత గీసినా కూడా ఒక్క గింజతో ఏదీ తేలదు. ఫైర్ అస్సేకి వాడేది 30 నుంచి 50 గ్రాముల పొడి. అందులో ఒక బంగారు రవ్వ పడితే టన్నుకు 40 గ్రాములని వస్తుంది, పడకపోతే సున్నా. రెండూ అబద్ధమే. అందుకే గనుల్లో డ్రిల్లింగ్‌తో తీసిన వందల మీటర్ల రాతి కడ్డీలు (కోర్), వేల శాంపిళ్ళు. ఎవరైనా ఒక శాంపిల్ రిపోర్టు చూపించి మీ భూమికి బేరం పెట్టినా, పెట్టుబడి పెట్టమన్నా అక్కడితో టీ ఇచ్చి పంపేయండి.

తవ్వే ఆలోచన వద్దు. పట్టా భూమి అయినా సరే, 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లీజు లేకుండా బంగారం తవ్వడం నేరం. పాదరసం పోసి ఇంట్లో బంగారం తీసే వీడియోలు చూసి ఉంటారు. ఆ ఆవిరి పిల్లలున్న ఇంట్లో ఏం చేస్తుందో ఆ వీడియోల్లో చెప్పరు.

ఒక పని చేయండి. పొడి కాకుండా వేలి గోరంత అయినా పెద్ద ముక్కలు ఏరి, కడిగి, ఆరబెట్టండి. పలుగు ముక్కలు ఒక కుప్ప, దానికి అంటుకుని ఉన్న పక్కరాయి ముక్కలు ఒక కుప్ప, మామూలు నల్లరాయి ఇంకో కుప్ప. పక్కన రూపాయి నాణెం పెట్టి, ఫ్లాష్ లేకుండా నీడలో ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి. అయస్కాంతం అంటిందా, గీత ఏ రంగు పడింది, యాసిడ్ చుక్కకు పొడి బుడగలు కట్టిందా, ఈ మూడూ రాయండి. మీరు ముందు మధ్య కుప్ప ఫోటో పెట్టండి, నేను దాన్నే మొదట చూస్తాను.